కోతకు ముందే సంచుల లెక్క: నాలుగు మడులతో అంచనాను సవరించుకోవడం ఎలా

గత యాసంగిలో మా మేనకోడలు ఫోను చేసింది. "మామయ్యా, మన కొనుగోలు కేంద్రానికి ఎన్ని గోనె సంచులు కావాలని రాయమంటారు? పదిహేను రోజుల్లో చెప్పాలి" అంది. హాలియా దగ్గర మా ఊరి మహిళా సంఘంలో లెక్కలు రాసేది ఆ అమ్మాయే. నేను గణాంక శాఖలో సహాయ అధికారిగా చేసి, రిటైరై, నల్లగొండలో ఉంటున్నాను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం పంటకోత ప్రయోగాలే. లాటరీలో వచ్చిన పొలానికి వెళ్లడం, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున తాడు కట్టి ఆ మడిని కోయించడం, నూర్పించి తూచడం.

అంతకు ముందు ఏడాది కూడా ఆమె ఇదే అడిగింది. అప్పుడు నాలుగు మడులు కోయించి, వాటి సగటునే ఊరి సగటుగా చెప్పాను. ఎకరానికి 19 క్వింటాళ్లు. "ఈసారి పంట బాగుంది, పాతిక తగ్గదు" అని రైతులందరూ చెప్పారు. నేను వినలేదు. కొలిచిందే నిజం, చెప్పింది వట్టి మాట అనుకునే ఉద్యోగపు పొగరు అది. సంచులు చాలలేదు, కల్లాల్లో కుప్పలు పెరిగాయి, అకాల వర్షం వచ్చింది. టార్పాలిన్ల కింద మొలకెత్తిన వడ్లు చూసినప్పుడు తప్పెవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే ఈసారి సరళ బేస్ పద్ధతిలో లెక్క వేశాను. ఇంగ్లిషులో దాన్ని బేస్ లీనియర్ అంటారు (బేస్ అనేది థామస్ బేస్ అనే గణితవేత్త పేరు). ముందున్న అంచనాను పారేయకుండా, కొత్తగా కొలిచినదాన్నిబట్టి సవరించుకోవడమే ఇది. ఎలా వేశానో, ఎక్కడ తడబడ్డానో మీరు కూడా వేసుకునేలా రాస్తున్నాను. డిగ్రీలో గణాంకశాస్త్రం చదివినవాళ్లకు తేలిక. చదవనివాళ్లు కూడా కూడిక, గుణకారం, భాగహారం వస్తే సగానికి పైగా చేయగలరు.

పద్ధతి ఏం అడుగుతుంది

మామూలు బేస్ పద్ధతికి సంభావ్యతల పట్టిక మొత్తం కావాలి. దిగుబడి 20 అయ్యే అవకాశం ఎంత, 21 అయ్యే అవకాశం ఎంత అంటూ పూర్తి వివరం ఇవ్వాలి. అంత వివరం ఏ రైతు మనసులోనూ ఉండదు, నా మనసులోనూ లేదు. సరళ బేస్ మూడే అడుగుతుంది. మన అంచనా ఎంత? ఆ అంచనా ఎంతవరకు అటూఇటూ కావచ్చు? ఒకటి మారితే రెండోది దానితో ఎంత మారుతుంది? మొదటిది సగటు అంచనా. రెండోది క్రమ విచలనం, దాని వర్గమే విస్తృతి. మూడోది సహవిస్తృతి. అసలు సంభావ్యతను కాక అంచనానే మూలంగా తీసుకోవచ్చని ఇటలీ గణితవేత్త బ్రూనో డి ఫినెట్టీ వాదించారు. ఆ దారిలోనే డర్హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గోల్డ్‌స్టీన్, డేవిడ్ వూఫ్ ఈ పద్ధతిని ఒక పూర్తి శాస్త్రంగా కూర్చి 2007లో పుస్తకంగా తెచ్చారు.

వాళ్లే దీనికి బీ/డీ అనే సాఫ్ట్‌వేర్ కూడా రాశారు. పేరులోనే పని ఉంది. బీ అంటే మనకు కావలసిన రాశులు (వడ్ల కుప్పలు కాదు, అంచనా వేయాల్సిన పరిమాణాలు), డీ అంటే చూసిన దత్తాంశం (డేటా), మధ్యలో గీత అంటే దీన్నిబట్టి దాన్ని సవరించడం. డారెన్ విల్కిన్సన్ రాసిన బేస్-లిన్ ఇంకొకటి, అది లిస్ప్-స్టాట్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. రాశులు వందల్లో ఉన్నప్పుడు, దత్తాంశం విడతలు విడతలుగా వస్తున్నప్పుడు ఇలాంటివి కావాలి. చమురు నిక్షేపాల నమూనాల దగ్గరి నుంచి గెలాక్సీల పుట్టుక నమూనాల దాకా ఈ పద్ధతిని వాడారు. మా ఊరి వడ్లకు అంత సరంజామా అక్కర్లేదు. లిబ్రెఆఫీస్ కాల్క్ అనే గడుల పట్టిక (స్ప్రెడ్‌షీట్) చాలు, ఆర్ అనే గణాంక భాష తెలిసినవాళ్లకు అదే చాలు. ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా క్రమం ఒకటే: రాశుల పేర్లు, అంచనాలు, విస్తృతులు, సహవిస్తృతులు, దత్తాంశం, సవరణ, ఆ తరవాత తనిఖీ.

మడి కోయకముందు కాగితం మీద రాయాల్సినవి

అసలు కష్టం ఇక్కడే. కంప్యూటర్ పని పది నిమిషాలు, ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టింది.

మా ఊళ్లో వరి రెండు రకాల భూముల్లో ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సుమారు 300 ఎకరాలు, అక్కడ 1010 లాంటి దొడ్డు రకాలు. బోర్ల కింద 120 ఎకరాలు, అక్కడ ఎక్కువ రోజుల సన్నరకం. రెండింటినీ కలిపి ఒకే సగటు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కాబట్టి రాశులు రెండు: కాలువ సగటు, బోరు సగటు. రెండూ ఎకరానికి క్వింటాళ్లలో.

నలుగురు రైతులను మా అన్నయ్య అరుగు మీద కూర్చోబెట్టాం. "మీకు ఎంత రావచ్చు?" అని అడిగితే ఎవరి పొలం గొప్ప వాళ్లు చెబుతారు. అందుకే "ఊరి మొత్తం కాలువ భూమి సగటు ఎంత?" అని అడిగాం. కాసేపు వాదులాడుకుని 26 దగ్గర ఆగారు. తరవాతి ప్రశ్న ఇంకా ముఖ్యం. "ఎంతకు పడిపోతే మీరు ముక్కున వేలేసుకుంటారు? ఎంతకు పెరిగితే నమ్మరు?" అని. 20కి తగ్గదు, 32 దాటదు అన్నారు. ఆ మధ్య దూరం 12. అంచనాకు ఇటు రెండు, అటు రెండు క్రమ విచలనాలు అనుకుని దాన్ని నాలుగుతో భాగిస్తే 3, అదే నేను తీసుకున్న క్రమ విచలనం. విస్తృతి 9. బోరు భూమికి ఇలాగే 22 అంచనా, 4 అటూఇటూ, విస్తృతి 16 వచ్చాయి. బోర్ల మాట దగ్గర వాళ్ల నమ్మకం తక్కువ. ఏ బోరు ఎప్పుడు ఎండుతుందో ఎవరికీ తెలియదు కదా.

ఇక సహవిస్తృతి. "ఈ రెండింటి సహసంబంధం ఎంత?" అని అరుగు మీద అడిగితే నవ్వుతారు, నవ్వాలి కూడా. దాన్ని ఇలా అడగాలి: "కాలువ సగటు మీరనుకున్నదానికంటే 3 క్వింటాళ్లు తగ్గి 23 వచ్చిందని ఇప్పుడే తెలిసిందనుకోండి. బోరు కింద మీ అంచనాను ఎంత తగ్గిస్తారు?" ఎండలు రెండు చోట్లా ఒకటే, దోమపోటు వస్తే రెండు చోట్లకూ వస్తుంది, నీళ్లు మాత్రం వేరు. "రెండు తగ్గిస్తాం" అన్నారు. 3కి 2 తగ్గుదల అంటే, సహవిస్తృతిని కాలువ విస్తృతి 9తో భాగిస్తే 2/3 రావాలి. అంటే సహవిస్తృతి 6. సహసంబంధం 6 ÷ (3 × 4) = 0.5. డిగ్రీ ముఖం చూడని నలుగురు పెద్దలు సహసంబంధ గుణకం ఇచ్చేశారు, వాళ్లకే తెలియకుండా.

చివరిది మడికీ మడికీ ఉండే తేడా. ఒకే కాలువ కింద కూడా ఒక మడి ఊరి సగటు నుంచి ఎంత దూరం పోవచ్చు? నా పాత నోటుపుస్తకాలు తిరగేసి 4 క్వింటాళ్లు అనుకున్నాను, విస్తృతి 16. నాలుగు మడుల సగటు తీస్తే ఆ దోషం విస్తృతి 16 ÷ 4 = 4 అవుతుంది. ఈ 4కూ పైన చెప్పిన 9కీ తేడా గట్టిగా పట్టుకోవాలి. 9 అనేది ఊరి సగటు గురించి మన అజ్ఞానం. 4 అనేది నాలుగే మడులు కోసినందువల్ల వచ్చే దోషం. మడులు పెంచితే రెండోది తగ్గుతుంది. మొదటిది అరుగు మీద మనం ముందే ఒప్పుకున్న సంగతి. ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకెగా ఇస్తే ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ఆదుకోలేదు.

ఇవన్నీ తేదీ వేసి, కాగితం మీద రాసి, మేనకోడలి చేత సంతకం పెట్టించాను. మడి కోసి తూకం చూశాక "నేనూ అదే అనుకున్నాను" అనడం మనిషి నైజం. కాగితం ఉంటే ఆ మాట అనలేం.

మడులు ఎంచడం

దీన్ని త్వరగా చెప్పేస్తాను, ఈ పని ప్రతి మండలంలోనూ తెలిసినవాళ్లు ఉంటారు. సర్వే నంబర్లు చీటీలు వేసి తీయాలి. పొలంలోకి వెళ్లాక నైరుతి మూల నుంచి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు అని యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం నడిచి తాడు కట్టాలి. మడి మరీ చిన్నది కాకూడదు. చిన్న మడికి అంచు ఎక్కువ, అంచు మీది మొక్కలను లోపలికి లాక్కోవడం సులువు, కాబట్టి దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పంట సర్వేలకు మన దేశంలో దారి వేసిన గణాంకవేత్తల్లో మహలనోబిస్ చిన్న కోతల వైపు, సుఖాత్మే పెద్ద మడుల వైపు నిలబడి దీని మీద పెద్ద వాదమే నడిపారు.

కాలువ కింద నాలుగు మడుల్లో, ఆరబెట్టి తేమ 17 శాతానికి వచ్చాక తూచితే: 17.6, 10.4, 15.1, 13.1 కిలోలు. రెండో మడి కాలువ చివరి భూమిలోది, నీళ్లు ఆఖరున అందేది. "దాన్ని తీసేయండి మామయ్యా, అది లెక్కలోకి రాదు" అంది మేనకోడలు. చీటీలో వచ్చింది కాబట్టి వస్తుంది. చివరి భూములు కూడా ఆ 300 ఎకరాల్లోవే, వాటి వడ్లకూ సంచులు కావాలి.

సగటు 14.05 కిలోలు. 25 చదరపు మీటర్ల నుంచి ఎకరానికి రావాలంటే సుమారు 162తో గుణించాలి, క్వింటాళ్లలో 1.62తో. వచ్చింది 22.75 అనుకుందాం.

మొదటి సవరణ, చేత్తోనే

సూత్రం మాటల్లో చెబుతాను. చూసినదానికీ ఎదురుచూసినదానికీ తేడా తీసుకోండి. దాన్ని చూసినదాని మొత్తం విస్తృతితో భాగించండి. మనకు కావలసిన రాశికి దానితో ఉన్న సహవిస్తృతితో గుణించండి. పాత అంచనాకు కలపండి. అంతే.

ఎదురుచూసింది 26, చూసింది 22.75, తేడా మైనస్ 3.25. చూసినదాని విస్తృతి 9 + 4 = 13. భాగిస్తే మైనస్ 0.25. కాలువ సగటుకు సహవిస్తృతి 9, కాబట్టి 26 నుంచి 2.25 తగ్గి 23.75. బోరు సగటుకు సహవిస్తృతి 6, కాబట్టి 22 నుంచి 1.5 తగ్గి 20.5. బోరు భూమిలో కొడవలి పెట్టకుండానే దాని అంచనా కదిలింది. ఆ అరుగు మీది "రెండు తగ్గిస్తాం" అన్న మాటే ఇక్కడ పనిచేసింది.

అంచనా 22.75 దాకా పోలేదు, 26 దగ్గరా నిలవలేదు. ముందటేడు నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే, 26ను చెత్తబుట్టలో వేసి 22.75 లాంటిదాన్ని నెత్తిన పెట్టుకున్నాను. నాలుగు మడుల మాటకు విలువ 9/13, అంటే వందలో 69 పాళ్లు. మిగతాది రైతుల మాటకు.

అటూఇటూ కూడా తగ్గుతుంది. కాలువకు 9 లోంచి 81 ÷ 13, అంటే 6.23 పోయి 2.77 మిగులుతుంది. క్రమ విచలనం 3 నుంచి 1.66కు దిగింది. బోరుకు 16 లోంచి 36 ÷ 13 మాత్రమే పోతుంది, మిగిలింది 13.23. క్రమ విచలనం 4 నుంచి 3.64. తగ్గిన పాలును అసలు విస్తృతితో పోల్చితే కాలువకు 69 శాతం, బోరుకు 17 శాతం. ఏ ప్రశ్నకు ఎంత జవాబు దొరికిందో ఈ శాతాలు చెబుతాయి. బోరు విషయంలో మనకు దాదాపు ఏమీ తెలియలేదని అర్థం, అక్కడ కూడా మడులు కోయాల్సిందే. గమనించారా, ఈ శాతాలకు తూకాలతో పని లేదు. కోయకముందే లెక్క వేసుకోవచ్చు. కూలి దండగ కాకుండా ఎన్ని మడులు ఎక్కడ కోయాలో నిర్ణయించుకోవడానికి ఇంతకు మించిన దారి నాకు తెలియదు.

నేను చేసిన తప్పు, తనిఖీ పట్టిన తీరు

కాగితం మీద సరిగ్గా వేసినవాణ్ని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు 22.75 బదులు 14.05 కొట్టాను. కిలోలు. కాలువ అంచనా 17.7 అని, బోరు 16.5 అని వచ్చింది. ఊరి మొత్తం 7,300 క్వింటాళ్లు. మనసులో దడ పుట్టింది. పాత కాలమైతే ఆ అంకెనే పైకి పంపేవాణ్నేమో.

కాపాడింది తనిఖీ గడి. తేడా వర్గాన్ని విస్తృతితో భాగించి పక్కన ఒక గడిలో ఎప్పుడూ పెట్టుకోండి. మన అంచనాలూ మన అటూఇటూలూ నిజాయితీగా ఉంటే అది సగటున 1 ఉండాలి. సరైన అంకెకు 3.25 వర్గం ÷ 13 = 0.81, నిక్షేపంలా ఉంది. తప్పు అంకెకు 11 వచ్చింది. ఎన్నో క్రమ విచలనాల దూరమో కావాలంటే దీని వర్గమూలం చూడండి, 3.3. ఒకే శిఖరం ఉన్న ఏ వితరణలోనైనా (విలువలు ఎక్కడెక్కడ ఎంత పరుచుకున్నాయో చూపేదే వితరణ) మూడు క్రమ విచలనాలు దాటేది వందలో 5 కంటే తక్కువే. ఇది నార్మల్ వక్రరేఖ మీద ఆధారపడిన మాట కాదు, అందుకే ఈ పద్ధతికి సరిపోతుంది.

రాశులు ఎక్కువైతే ఇదే కొలత మహలనోబిస్ దూరం అవుతుంది. 1936లో ఆయన ఇచ్చినదే, వర్గం రూపంలో. అది పెద్దదిగా వస్తే ముందు ప్రమాణాలు చూడండి, కిలోలా క్వింటాళ్లా. తరవాత త్రాసు చూడండి. ఆ తరవాత క్రమ విచలనం ఇవ్వాల్సిన చోట విస్తృతి ఇచ్చారేమో చూడండి, ఇది అందరూ చేసే తప్పు. ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు అరుగు మీది అంచనాను అనుమానించండి. మరీ చిన్నదిగా, 0.01 లాగా మాటిమాటికీ వస్తున్నా అనుమానించాల్సిందే. మనం అవసరానికి మించి భయపడి అటూఇటూ పెద్దవి రాసుకున్నామన్నమాట. లేదా ఎవరో ఇంట్లో కూర్చుని తూకాలు రాశారన్నమాట. ఆ రెండోది కూడా నా ఉద్యోగంలో చూశాను.

బోరు మడులు వచ్చాక

వారం తరవాత సన్నాలు కోతకు వచ్చాయి. రెండు మడులు కోయించాం: 13.2, 16.4 కిలోలు. సగటు ఎకరానికి 24 క్వింటాళ్లు. దోషం విస్తృతి 16 ÷ 2 = 8.

ఇప్పుడు చూసినవి రెండు, కాబట్టి భాగహారం బదులు మాత్రిక (అంకెల పట్టిక) విలోమం, అంటే దాన్ని తిరగేసిన రూపం, కావాలి. కాల్క్‌లో రెండు వరుసలు, రెండు నిలువులుగా చూసినవాటి విస్తృతి మాత్రిక వేయండి: పై వరుస 13, 6. కింది వరుస 6, 24. ఈ 24 అంటే 16 + 8. 6 మారలేదు, ఎందుకంటే మడి దోషాలు ఒకదానికొకటి సంబంధం లేనివి. పక్కన సహవిస్తృతి మాత్రిక: కాలువకు 9, 6. బోరుకు 6, 16. తేడాలు నిలువుగా: మైనస్ 3.25, 2. ఎం-ఇన్వర్స్ ఫంక్షన్‌తో మొదటిదాన్ని తిరగేసి, ఎం-మల్ట్‌తో తేడాలను గుణించి, మళ్లీ ఎం-మల్ట్‌తో సహవిస్తృతి మాత్రికతో గుణించండి. గడులు ముందే ఎంచుకుని, సూత్రం రాశాక కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కాలి. లేకపోతే ఒక్క గడిలోనే జవాబు వచ్చి మిగతావి ఖాళీగా వెక్కిరిస్తాయి. ఆర్‌లో అయితే విలోమానికి సాల్వ్ అనే ఫంక్షన్ ఉంది.

జవాబు: కాలువ 24.05, బోరు 22.68. క్రమ విచలనాలు 1.62, 2.23. బోరు మడులు బాగా రావడంతో కాలువ అంచనా కూడా 23.75 నుంచి కాస్త లేచింది. ఇదే లెక్కను మొదటి సవరణ ఫలితం మీద రెండో విడతగా వేసినా ఇదే వస్తుంది, ముందు బోరు తరవాత కాలువ వేసినా ఇదే. రాకపోతే ఎక్కడో అంకె తప్పింది. నేను రెండు రకాలుగానూ వేసి చూసుకుంటాను, చేతి తనిఖీ మీద నాకు ఇంకా నమ్మకం. ఒకటే జాగ్రత్త: విడతలుగా వేసేటప్పుడు మొదటి విడత మడులను రెండోసారి కలపకండి. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచి ఇద్దరు సాక్షులన్నట్టు అవుతుంది. తనిఖీ గడి ఇప్పుడు 1.39, రెండు రాశులు కాబట్టి 2 చుట్టుపక్కల ఉండాలి. బాగానే ఉంది.

రాశులు మూడు, నాలుగు అయితే ఇంకో గొడవ. కాలువ, బోరు, చెరువు అని మూడు ఉన్నాయనుకోండి. కాలువకూ చెరువుకూ సహసంబంధం 0.9, చెరువుకూ బోరుకూ 0.9, కాలువకూ బోరుకూ 0.1 అని ఎవరైనా ఇస్తే ఆ మూడూ కలిసి బతకవు. ఇద్దరికీ ప్రాణస్నేహితుడైనవాడు మధ్యలో ఉండి, ఆ ఇద్దరూ ముఖపరిచయం లేనివాళ్లు కావడం లాంటిది. మాత్రిక నిర్ధారకం (డిటర్మినెంట్) రుణాత్మకం అవుతుంది, విస్తృతులు మైనస్‌లో వస్తాయి. అరుగు మీదికి మళ్లీ వెళ్లి మళ్లీ అడగడమే దారి. అంకెలను మనమే సర్దేయకూడదు.

సంచులు

ఊరి మొత్తం: 300 × 24.05 + 120 × 22.68, అంటే దాదాపు 9,940 క్వింటాళ్లు. మడులు కోయకముందు ఇదే లెక్క 10,440. అంచనా కదిలింది 500 మాత్రమే, కాని క్రమ విచలనం 1,213 నుంచి 597కు సగమైంది. రెండు భూముల విస్తృతులను ఎకరాల వర్గాలతో గుణించి కలిపేటప్పుడు మధ్యలో ఉన్న సహవిస్తృతి పదాన్ని మరిచిపోకండి. మరిచిపోతే అటూఇటూ తక్కువగా కనిపించి ధైర్యం ఎక్కువవుతుంది.

అందులో మూడో వంతు కేంద్రానికి రాదు అంది మేనకోడలు. సన్నాలు నేరుగా మిర్యాలగూడ మిల్లులకు పోతాయి, తిండి గింజలు ఇంట్లో ఉంటాయి. మిగిలింది 6,630 క్వింటాళ్లు. సంచికి 40 కిలోల చొప్పున 16,570 సంచులు, క్రమ విచలనం 1,000 సంచులకు కాస్త తక్కువ. సంచులు మిగిలితే వెనక్కి పంపవచ్చు, చాలకపోతే ఏమవుతుందో ముందటేడు చూశాం. అందుకే దాదాపు రెండు క్రమ విచలనాలు కలిపి 18,500 అడగమన్నాను. బేలుకు 500 చొప్పున 37 బేళ్లు.

సీజను ముగిశాక ఆమె లెక్క చెప్పింది: 17,900 సంచులు నిండాయి. నా అంచనాకంటే 1,300 పైన ఎక్కువ. దిగుబడి వల్ల కాదు. మిల్లుల దగ్గర ధర తగ్గడంతో సన్నాలు కూడా కొన్ని కేంద్రానికే వచ్చాయి. మూడో వంతు అన్న అంకెకు నేను అటూఇటూ ఏమీ పెట్టలేదు, సున్నా అనుకున్నాను. రెండు క్రమ విచలనాలు అడిగి ఉండకపోతే మళ్లీ టార్పాలిన్లే గతి.

వచ్చే యాసంగికి ఆ వాటాను కూడా లెక్కలోకి తెస్తాం. అయితే దిగుబడిని వాటాతో గుణించడం ఈ పద్ధతిలో నేరుగా ఇమడదు, ఇది కూడికల లెక్క. కేంద్రానికి వచ్చే ధాన్యాన్నే ఒక కొత్త రాశిగా తీసుకుని, దాని అంచనా, అటూఇటూ, కాలువ దిగుబడితో దాని సహవిస్తృతి విడిగా అడగాలి. మేనకోడలికి ఇప్పటికే ఒక ప్రశ్న రాసిచ్చాను: "కోతల ముందు మిల్లు ధర క్వింటాలుకు 100 రూపాయలు తగ్గిందని తెలిస్తే, కేంద్రానికి వచ్చే సంచులు ఎన్ని పెరుగుతాయి?" అరుగు మీది ఆ నలుగురినీ నాట్లు పూర్తయ్యాక కూర్చోబెట్టి అడుగుతానంది.